పన్నెండేళ్ల ఖాళీ

"ఈ పన్నెండేళ్లూ ఏం చేశారమ్మా?"

దరఖాస్తు మీంచి తలెత్తకుండానే అడిగాడు సూపరింటెండెంటు.

"పిల్లల్ని పెంచాను సార్. అమ్మాయి, అబ్బాయి."

"అంతకుముందు?"

"రెండేళ్లు టైపిస్టుగా చేశాను."

"టైపు మిషన్లు మూలపడి ఎంత కాలమైంది!" నవ్వాడాయన. "కంప్యూటరు వచ్చా మరి?"

"మా అమ్మాయి నేర్పింది సార్. తప్పు కొడితే మొట్టికాయ వేసేది."

ఆయన మళ్లీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఒళ్లోని సంచిని రెండు చేతులా పట్టుకుని, ఆయన వెనకున్న తలుపు వంకే చూస్తోంది. తలుపు మీద చిన్న బోర్డు. 'తప్పిపోయిన పిల్లలు – పాత ఫైళ్లు.'

ఆ ఫైలు ఆ గదిలోనే ఎక్కడో ఉంది. ఈ గుమాస్తా ఉద్యోగం వస్తే తప్ప ఆమె చెయ్యి దాని మీద పడదు.

పన్నెండేళ్లుగా ఆమెకి కంటినిండా నిద్ర లేదు. రెప్ప వాలితే చాలు, బస్టాండు మైకు గొంతు విప్పుతుంది. 'రెండేళ్ల పాప. పసుపు రంగు గౌను. ఎవరికైనా కనిపిస్తే...' బజారులో ఏ పసిపిల్లయినా తల్లి చెయ్యి వదిలి కనిపిస్తే, ఆమె కాళ్లు అక్కడే పాతుకుపోతాయి. కూరగాయలవాడు పిలిచి పిలిచి విసిగిపోతాడు.

"పనేమిటో చెప్తా వినండి" అన్నాడు సూపరింటెండెంటు. "ఆ గదిలోని ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి, ఫొటోలతో సహా. వచ్చే నెల నుంచి ఆ ఫొటోల్ని స్కూళ్లలో చదివే పిల్లల ఫొటోలతో పోల్చి చూస్తుందట మిషను. మొహం ఎంత మారినా పట్టేస్తుందట. ఈలోగా ఏ ఫైలైనా పోయిందా, అంతే సంగతులు. వీటికి నకళ్లు లేవు."

"వచ్చే నెలేనా సార్?"

ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు.

"ఒకటి అడగాలి. రూలు. మీ ఇంట్లో పిల్లలెవరైనా తప్పిపోయారా?"

"లేదు సార్."

"కేసు ఉన్నవాళ్లకి ఇక్కడ ఉద్యోగం ఇవ్వకూడదు. అందుకని."

"మా ఇంట్లో ఎవరూ తప్పిపోలేదు."

ఆమె చూపు మళ్లీ ఆ తలుపు మీదికి పోయింది. ఆయన 'లేదు' అని రాసుకున్నాడు. రాసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పోయినేడు ఇదే ఉద్యోగానికి ఇద్దరు వచ్చారమ్మా. ఇద్దరూ ఇలాగే లేదన్నారు. ఇద్దరూ ఆ తలుపు వంకే చూశారు. బిడ్డ ఫైలు ఒక్కసారి కళ్లారా చూసుకుందామని వచ్చిన తల్లులు. అడిగితే చూపించరు కదా మరి."

ఆమె తల దించుకుంది.

"రూలు చెప్పి పంపించేశాను. తర్వాత చాలా రోజులు నాకు అన్నం సయించలేదు." సొరుగులోంచి తాళంచెవి తీసి ఆమె ముందుకు జరిపాడు. "నేను టీకి వెళ్తున్నా. పావుగంట పడుతుంది. ర్యాకులు ఏడాది వారీగా ఉంటాయి. దుమ్ముతో జాగ్రత్త, దానికి నాకన్నా సర్వీసు ఎక్కువ."

ఆయన చెప్పుల చప్పుడు వరండాలో దూరమయ్యే దాకా ఆగి, ఆమె తాళం తీసింది.

గదిలో పాత కాగితాల వాసన. ఆమెకి ఏడాది తెలుసు, నెల తెలుసు, రోజు తెలుసు. కిటికీ పక్క ర్యాకు. అడుగు వరస. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో అట్టనీ తిప్పింది. తొమ్మిదోది తిప్పగానే చెయ్యి ఆగిపోయింది.

ఫొటో అంతగా వెలిసిపోలేదు. అదే గౌను. అదే నవ్వు. దాని వెనక, ఏటా ఒకటి చొప్పున తల్లి పెట్టుకున్న అర్జీలు. పన్నెండు. ఒక్కో అర్జీకీ పాప వయసు ఒక్కో ఏడు పెరుగుతూ వచ్చింది. గౌను రంగు మాత్రం మారలేదు.

ఒక్కటీ వదలకుండా చదివింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, శబ్దం రాకుండా ఏడ్చింది.

సూపరింటెండెంటు వచ్చేసరికి ఆమె కుర్చీలోనే ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాళంచెవి బల్ల మీదే ఉంది.

"దొరికిందా?"

"లేదు సార్."

ఆయన దరఖాస్తు మీద సంతకం గీకాడు.

"సోమవారం నుంచి రండి. ఫారంలో లేదనే రాశాను కదా, నన్నెవరూ అడగరు. రోజూ వెతుక్కోండి తల్లీ. ఎక్కడికి పోతుంది, ఏదో ఒక రోజు బయటపడుతుంది."

ఆమె చేతులు జోడించింది.

వీధిలోకి వచ్చి నడిచింది. వచ్చినప్పటికంటే సంచి బరువుగా ఉంది. చెవుల్లో మైకు ఆగలేదు. పైగా ఇప్పుడు ఆ గొంతుకి అర్జీల్లోని చేతిరాత కూడా తోడైంది.

స్కూలు గేటు దగ్గర, పన్నెండేళ్ల కిందట ఆ బస్టాండులోంచి తను ఎత్తుకొచ్చేసిన పిల్ల, పరుగున ఎదురొచ్చి "ఉద్యోగం ఇచ్చారా అమ్మా?" అని అడిగింది.