ఫొటోలో డాక్టర్

"అన్నా, మీ వెబ్‌సైట్ల డాక్టర్ ఫొటో చూసిన. డాక్టర్ ఎప్పుడూ ఉంటడా? మందు ఆపితే మా ఆయనకు ఫిట్స్ వస్తున్నయ్."

ఇబ్రహీంపట్నంలోని ఆ మందు మాన్పించే సెంటర్‌కు వెబ్‌సైట్ చేసిందీ, సెంటర్ ఫోన్ ఎత్తేదీ తిరుమలే. 'ఉంటడక్కా, ఫికర్ చెయ్యకు' అనే రోజువారీ మాట నాలుక చివర ఆగిపోయింది. ఆ గొంతు మీర్‌పేట్‌లో ఉండే తన సొంతక్క నవతది. తమ్ముడు పనిచేసేది ఇక్కడేనని ఆమెకు తెలియదు.

"అక్కా, నేను తిరుమల్‌ను. బావను ఈడికి తేకు. సర్కారు దవాఖానకు తీస్కపో. ఈడ డాక్టర్ లేడు."

"మరి ఫొటోల ఉన్నదెవర్రా?"

"నెట్ల దొరికిండు."

"గా ఫొటో చూపి ఎంతమందిని రమ్మన్నవ్‌రా?"

అక్క ఫోన్ పెట్టేసింది.

వెంటనే మళ్లీ మోగింది. ఈసారి ఎవరో తెలియని ఆడగొంతు.

"అన్నా, డాక్టర్ ఉంటడా?"

"లేడక్కా," అన్నాడు తిరుమల్.