పూత

పొద్దెక్కినా మంచు జీడితోటల మీద నుంచి కదల్లేదు. సింహాద్రి వాకిట్లో నిలబడి మరోసారి చెంపలు తడుముకున్నాడు. నున్నగా ఉన్నాయి.

ఊళ్లో చాలామందికి లేచినట్టే అతని పెద్దపేగులోనూ క్యాన్సర్ గడ్డ లేచింది. ఆ గడ్డకి పెరగమని ఒంట్లోంచే కబురు అందుతూ ఉంటుందట. పొట్ట మీద అంటించిన మందుపట్టీ ఆ కబురుని ఆపుతుంది. ఆపితే మొహం ఎర్రటి పొక్కులు పూస్తుంది. పూయలేదంటే పట్టీ పనిచేయనట్టే, ఆపైన ఇంకో మందు లేదు. ఇప్పుడు ఊళ్లో పొద్దున్నే ఒకరినొకరు "టీ తాగావా" అని అడగడం పోయి, "పూసిందా" అని అడగడం వచ్చింది. సింహాద్రి పట్టీ వేసుకుని పదమూడో రోజు.

గోడవతల నుంచి బంగారినాయుడు తన పొక్కుల మొహాన్ని మురిపెంగా ముందుకు పెట్టాడు.

"ఏటి బావా, పెళ్ళికొడుకునాగ ఇంకా నున్నగానే ఉన్నావేటి?"

సింహాద్రి నవ్వలేదు. తోటకి వెళ్ళాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. మధ్యాహ్నం కాళ్ళు కడుక్కుంటుంటే భార్య గవరమ్మ అతని గడ్డం పట్టుకుని వెలుగుకి తిప్పింది. ముక్కు పక్కన మూడు పొక్కులు. ఆమె వేపమండ విరిచి గుమ్మానికి కట్టింది. పొయ్యి మీద కాగుతున్న తాలింపు నూనె దించేసింది.

"అమ్మవారు కాదే, మందు పట్టింది," అన్నాడు.

"నాకు తెల్దేటి? వచ్చినావిడ ఎవరైతేనేటి, తాలింపు వాసనకి కోపం రాకూడదు."

తాలింపు లేని పప్పు ఏనాడూ ముట్టని మనిషి ఆ చప్పిడి పప్పునే మారు వడ్డించుకున్నాడు.