కాంతి పేరంటాలు

ఈ శ్రావణ శుక్రవారమూ మా వీధిలో ప్రతి ఇంటికీ పేరంటానికి సినీతార విరాజిత హాలోగ్రామ్ కాంతిరూపంలో వచ్చింది. పుట్టినప్పుడు ఆమెను మగపిల్లవాడన్నారని అందరికీ తెలుసు. అయినా అత్తయ్య మురిసిపోతూ "ఇస్తినమ్మ వాయనం" అన్నారు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అని ఆ వెలుగు నవ్వింది. శనగలు పళ్ళెంలోనే ఉన్నాయి.

అంతలో గేటు దగ్గరికి కస్తూరి వచ్చింది. పుట్టుక విషయంలో ఆమెదీ విరాజిత కథే, ఆసుపత్రిలో నర్సు.

"పైగది అద్దెకిస్తారా, పెద్దమ్మగారూ?"

"ఖాళీ లేదు," అన్నారు అత్తయ్య.

"బోర్డు ఉందిగా!"

"తీయడం మరిచాం. వెళ్ళు, పేరంటం వేళ!"

అమ్మవారు కూడా ఇలాగే మనిషిని బట్టి మాట మారుస్తుందా? నేను ఆ పళ్ళెం తీసుకెళ్ళి కస్తూరికిచ్చాను. ఆమె కొంగు పట్టి పుచ్చుకుంది.

"శనగలు సరే అక్కా, మరి గది?"

నేను వెనక్కి వచ్చి, తాళంచెవి కోసం అత్తయ్య ముందు చెయ్యి చాపాను.