గడియారానికి ప్రోగ్రెస్ రిపోర్టు

తొంభైల్లో మాట. మా మనవరాలు కెజియా కాకినాడలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం చిప్పుతో గడియారం చేసి, సరిచూడమని రాజోలులో నా దగ్గర పెట్టింది. రోజూ పొద్దున్నే రేడియోలో ఎనిమిదింటి బీప్ వినగానే అదెంత వెనకబడిందో ఒక నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి, ముల్లు లేని ఆ గడియారాన్ని మళ్లీ సరిచేసేదాన్ని. కరెంటు పోయిన రోజులు లెక్కలోకి తీసుకోలేదు.

పరీక్షకు రెండు రోజుల ముందు కెజియా వచ్చింది. పుస్తకం చేతికిచ్చాను.

"రోజుకి నలభై నిమిషాలు వెనక. ఆరాధనకి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మన పాస్టరుగారే నయం."

"చిప్పు తప్పు చెయ్యదండి మామ్మగారూ. కరెంటు సెకనుకి యాభైసార్లు కొట్టుకుంటుంది. ఇది యాభై లెక్కపెట్టి ఒక సెకను జరుపుతుంది, అంతే."

"అయితే దానికి యాభై దాకా అంకెలు రావు. చేసినదానికీ రావు."

దాని ముఖం వాడిపోయింది. ఫెయిలైతే ఏడాది పోతుంది. పేజీలు తిప్పి, "సోమవారాలు మాత్రం ఎనిమిది నిమిషాలేనేం?" అంది.

"ముందురోజు ఆదివారం. రైసు మిల్లులు ఆడవుగా."

అది నన్ను ముద్దుపెట్టేసుకుంది. ఊరూరా మిల్లులూ ఫ్యాక్టరీలూ ఒక్కసారే ఆడితే కరెంటే నీరసపడి యాభై కొట్టలేకపోతుందట. ప్రాజెక్టు రిపోర్టు మీద గడియారం అన్న పేరు కొట్టేసి, 'కరెంటు వేగాన్ని కొలిచే యంత్రం' అని రాసి, నా పుస్తకం జతచేసి పట్టుకుపోయింది.

ఎగ్జామినరుగారు నా పుస్తకం చివరి పేజీలో ఆగేరట. అక్కడ నా రిమార్కు: "లెక్కలు రాని మొద్దు. పాస్ చేయరాదు."

"ఇదెవరి గురించమ్మా?"

"కరెంటు గురించండి," అందట కెజియా.

ఫస్టు క్లాసు ఇచ్చేరు. హెడ్‌మిస్ట్రెస్‌గా ముప్పై ఏళ్లలో నేను రాసిన రిమార్కు ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. దీన్నీ తీసుకోనక్కర్లేకపోయింది.