గడప దగ్గర తుమ్ము

"ఆటో వచ్చేసింది, రామ్మా. కాకినాడలో రైలు మన కోసం ఆగదు," అంటూ సూరిబాబు పెట్టె తీసుకెళ్ళి ఆటోలో పెట్టాడు.

కనకాలపేట బడిపిల్లలకి జీతం లేకుండా బొమ్మలు గీయడం నేర్పడానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన ఎలోదీ, ఆర్నెల్లుగా సూరిబాబు వాళ్ళింట్లోనే ఉంటోంది. ఇవాళ వెళ్ళిపోతోంది. సూరిబాబు భార్య తాయారు పొద్దున్నే లేచి జంతికలు వండింది. డబ్బా నింపి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

గడప దాటబోతూ ఎలోదీ తుమ్మింది.

బయల్దేరేటప్పుడు ఎవరు తుమ్మినా, కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించందే తాయారు కదలనివ్వదు. "బడికి ఆలస్యం అవుతుంది పిన్నిగారూ," అని ఎలోదీ ఎన్నిసార్లు గొడవపడిందో.

ఇవాళ ఎవరూ చెప్పకుండానే వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుంది.

"మంచినీళ్ళు ఇవ్వండి పిన్నిగారూ."

"ఇయ్యన్నీ చాదస్తం అన్నావు కదే?"

"అప్పుడు అన్నానండి."

తాయారు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. ఎలోదీ గుక్క గుక్కకీ ఆగుతూ తాగుతోంది.

"నిజంగానే తుమ్మేవా?"

"ఆయ్," అంది ఎలోదీ, గ్లాసులోకి చూస్తూ.

తాయారుకి నవ్వాగలేదు.

"మీ పట్టింపులతో రైలు కాస్తా వెళ్ళిపోద్ది," అని వీధిలోంచి విసుక్కున్నాడు సూరిబాబు. తుమ్ముల్ని అతనెప్పుడూ లెక్కచేసింది లేదు.

గ్లాసు ఖాళీ అయింది. ఎలోదీ లేచి మళ్ళీ గడప దాకా వచ్చింది.

ఆటో దగ్గర్నించి పెద్ద తుమ్ము వినిపించింది.

ఇద్దరూ అటు చూశారు. సూరిబాబు పెట్టె కిందికి దించుకుని లోపలికొస్తున్నాడు.

"ఇంకో గ్లాసు నీళ్ళు తే, తాయారూ," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.