నాలుగో మంచం పేషెంటు

చాందిని చెయ్యి ఇంకా అతని మణికట్టు మీదే ఉంది.

గాజు తెర వెనక కూర్చున్న నవత గోడ గడియారం చూసింది. నాడి చూడటానికి ఒక్క నిమిషం చాలు. ఇది రెండోది. హాకర్ సెంటర్లో తిండి కొనుక్కోడానికి వెళ్తూ టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ బల్ల నాదని చోప్ చేసుకున్నట్టు, ఆ చెయ్యి అక్కణ్ణుంచి కదలదే!

నర్సింగ్ కాలేజీలో ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. జబ్బులు ఉత్తుత్తివి. మంచాల మీద పడుకున్నది వాలంటీర్లు. నవత, చాందిని ఇద్దరిలో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళకి వచ్చే నెల పిల్లల వార్డు. రెండోవాళ్ళు ఆరు నెలలు ఆగాలి. ఆ వార్డు కోసం నవత ఏడాదిగా కలలు కంటోంది.

నాలుగో మంచం పేషెంటుకి జ్వరం, ఆయాసం. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చి పడుకున్నాడు.

"మీ పూర్తి పేరు చెప్తారా సర్?" చాందిని గొంతులో తేనె.

"ముదునూరి కౌశల్."

"డేట్ ఆఫ్ బర్త్?"

"నవంబర్ తొమ్మిది, తొంభై ఐదు."

చాందిని అతని చేతి పట్టీతో సరిచూసుకుంది. చార్టులో రాసే ఉందిగా, మళ్ళీ అడగడం దేనికి? పుట్టినరోజుకి కేకు తెస్తుందా?

"మీ చేతులు చల్లగా ఉన్నాయి సిస్టర్. సగం జ్వరం దిగిపోయింది."

చాందిని కిలకిలా నవ్వింది. నవతకి ఒళ్ళు మండింది.

అంతలోనే ఒక ఊరట. ఆయాసపడే మనిషికి తలవైపు మంచం ఎత్తకుండానే మాత్ర అందించింది చాందిని. ఆక్సిజన్ చూడాలని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. నవత లోలోపల గెంతులేసింది.

బయటికొస్తూ చాందిని, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి గుసగుసలాడింది. "పేషెంటు భలే ఉన్నాడు లా! ఏం మాటలే బాబూ!"

"చూశాంలే," అంది నవత పళ్ళు బిగించి.

నవత వంతు వచ్చింది. ముందు మంచం తలవైపు ఎత్తింది. దిండు సర్దింది. వేలికి క్లిప్పు పెట్టింది. ఆక్సిజన్ తక్కువుందనుకోమన్నారు పరీక్ష పెడుతున్న వసుంధర మేడమ్. వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది. మందు, మోతాదు, వేళ చార్టులో రెండేసి సార్లు చూసుకుంది.

"ఏ మందైనా పడదా?"

"మీరిస్తే ఏదైనా పడుతుంది సిస్టర్."

నవత బుగ్గలు వేడెక్కాయి. మాత్ర ఇచ్చింది. నాడి కూడా చూసింది. చాందిని కంటే పది సెకన్లు ఎక్కువే.

వసుంధర మేడమ్ కాగితం తిప్పారు. "చాందినీ, వరస తప్పావు. పది మార్కులు కట్. అయినా పాస్. నవతా, నీ పని బంగారంలా ఉంది. కానీ ఫెయిల్."

"మేడమ్!"

"మాత్ర ఇచ్చే ముందు పేరు అడగలేదు. పుట్టినతేదీ అడగలేదు. పట్టీ చూడలేదు. రేపు వార్డులో ఒక పిల్లాడి మందు ఇంకో పిల్లాడికి పోస్తావా? మొదటి వారం పాఠం కదమ్మా ఇది! ఎందుకు అడగలేదు?"

మంచం మీద పేషెంటు దిండులో ముఖం దాచుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి.

నవత తల వంచుకుంది.

"ఏడు వారాల కిందట నా మెడలో తాళి కట్టినాయన్ని, మీ పేరేమిటని ఎలా అడగను మేడమ్?"