ఇలారియో సమాధి రంగు

"మా తలుపు ఆకుపచ్చ, పెద్దాయనా. నువ్వేసింది నలుపు," అంది తొమాసా, మొగుడు ఇలారియో సమాధి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని.

ముసలాయన తలొంచుకుని కుంచె తుడుచుకుంటున్నాడు.

సకల పరిశుద్ధుల పండుగ దగ్గరపడిందంటే మా కొండ ఊళ్ళో ఎవరి సమాధికి వాళ్ళు కొత్త రంగేసుకుంటారు. ఇంటి తలుపుకి ఏ రంగో సమాధికీ అదే. ఆ రోజు దిగొచ్చే ఆత్మ తన చోటు పోల్చుకోవాలి కదా మరి.

ఈ ఏడు ఎక్కణ్ణించో ఈ ముసలాయన బస్సు దిగాడు. రంగులు తనవేనట, ఇంత తిండి పెడితే అందరివీ తనే వేస్తాడట. మావాళ్ళు సంబరపడ్డారు. తీరా చూస్తే నీలం అడిగినవాళ్ళకి మట్టిరంగు, పసుపు అడిగినవాళ్ళకి ఎరుపు. ఊరికే వస్తోంది కదా అని గొణుక్కుని ఊరుకున్నారు.

ఒక్కో సమాధీ అవగానే ఆయన కాలీడ్చుకుంటూ ఎదురుకొండ ఎక్కేవాడు. కాసేపు ఒక్కడే కూర్చుని దిగొచ్చేవాడు. తాగడానికి పోతున్నాడనుకున్నాం.

తొమాసా తప్ప పలకరించే దిక్కులేదాయనకి. ఆవిడే వంటింట్లో కూర్చోబెట్టి ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలెలు వేడివేడిగా పెట్టేది. ఆ గోడకి అందరిళ్ళలో ఉండే క్యాలెండరే ఉండేది. ఎర్రచారల శాలువా కప్పుకుని, అటు తిరిగి నిలబడ్డ ఆడమనిషి బొమ్మ. మా దేశంలో స్టాంపుల మీదా ఆవిడే, బడి గోడల మీదా ఆవిడే.

"ఎన్నేళ్ళొచ్చినా వీపే చూపిస్తుంది మహాతల్లి. వేసినవాడికి మొహం వెయ్యడం చేతకాదనుకుంటా," అందోసారి తొమాసా.

"చేతకాలేదమ్మా," అన్నాడు ముసలాయన, తింటూనే.

అంత బాగా చూసుకుంటే, తన మొగుడికే నలుపు పూశాడు. ఆవిడకి ఏడుపొచ్చింది.

"దీన్నొక్కదాన్నీ కదపకమ్మా. పండగనాడు కొండెక్కి చూడు," అని బతిమాలాడు.

"ఈ మోకాళ్ళతోనా? మా ఆయన దారి తప్పితే నువ్వు వెతికి తెస్తావా?"

మర్నాడు తనే డబ్బా కొనుక్కొచ్చి ఆకుపచ్చ పూసేసింది.

ముసలాయన వచ్చి చూశాడు. ఆ రోజు కొండెక్కలేదు. కుంచెలు కడుక్కుని బస్సెక్కేశాడు. వెళ్ళొస్తానని చెప్పడానికి ఊళ్ళో ఆయనకెవరున్నారు గనక.

పండగనాడు గాలిపటం ఎగరెయ్యడానికి కొండెక్కిన తొమాసా మనవరాలు మార్తినా పరుగున దిగొచ్చింది. నాయనమ్మ వద్దంటున్నా వినకుండా చెయ్యిపట్టుకుని పైకి నడిపించింది.

ఊరంతా గాలిపటాలు చేతపట్టుకుని అక్కడే నిలబడి కిందికి చూస్తోంది. ఒక్క గాలిపటమూ లేవలేదు.

సమాధులన్నీ కలిసి ఒకే బొమ్మయ్యాయి. అదే ఎర్రచారల శాలువా, అదే మనిషి. ఇన్నేళ్ళకి ఇటు తిరిగింది.

మొహం వెయ్యడం చేతకాదని తొమాసా ఎత్తిపొడిచినవాడు వేసిన ఆ మొహంలో, ఒక కన్ను నల్లగా తమవైపే చూస్తోంది. రెండోది మాత్రం తొమాసా తలుపు రంగులో ఉంది.